స్పర్శ నరంలో కదలిక పోగులు పెరుగుతాయా?

ప్రశ్న: బైకు ప్రమాదంలో మా తమ్ముడి మోచేతి పైన నరం తెగింది. మణికట్టు లేవడం లేదు. కాలి నుంచి స్పర్శ నరం తీసి అతుకుతామంటున్నారు. అది కదలికకు ఎలా పనికొస్తుంది?

జవాబు: సందేహం సహజమే. కానీ అతికే ముక్క కరెంటు తీగ లాంటిది కాదు. కోసి తీశాక అందులోని పాత పోగులు క్షీణించి, సన్నని గొట్టాలూ వాటిలో పోగుల పెరుగుదలకు ఆసరా ఇచ్చే ష్వాన్ కణాలూ మిగులుతాయి. మీ తమ్ముడి సొంత కదలిక పోగులే వాటి గుండా రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. కదలిక నరం ముక్కే అతికితే మేలు కదా అంటారా? 2004లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగంలో అలాంటి అతుకులో పెరుగుదల మెరుగ్గా కనిపించిన మాట నిజం. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని బలపరచలేదు; గొట్టాల వెడల్పు వంటి తేడాలూ లెక్కలోకి వస్తాయి. పైగా కదలిక నరం కోస్తే మరో కండరం చచ్చుబడుతుంది. పిక్క వెనక సూరల్ నరం తీస్తే సాధారణంగా మిగిలేది పాదం బయటి అంచున తిమ్మిరి. చేతి కదలిక ముందు అది చిన్న మూల్యమే. కణాలు తొలగించిన దాతల నరాలూ ఉన్నాయి, తెగిన కొనల మధ్య చిన్న ఖాళీలకు పనికొస్తాయి. వాటిలోకి ష్వాన్ కణాలు బయటి నుంచే వలస రావాలి. ఖాళీ పొడవైతే దారిలోనే ఆ కణాల సత్తువ తగ్గిపోతుంది.

నా దృష్టిలో అతుకు రకం కన్నా కాలమే కీలకం. ఏడాది, ఏడాదిన్నర దాటినా పోగులు చేరని కండరం కోలుకోవడం చాలా కష్టం. దయచేసి ఆపరేషన్ వాయిదా వేయకండి.