పాత కారుకు వణుకెందుకు?

పిల్లలూ! నల్లబల్ల మీద సుద్దముక్కతో గీత గీస్తుంటే ఒక్కోసారి అది గీతలా పడదు. చుక్కలు వరుసగా పెట్టినట్టు పడుతుంది. మీరూ చూసే ఉంటారు. సుద్దముక్క బల్ల మీద సాఫీగా జారకుండా, కాస్త అతుక్కుని, కాస్త జారి, మళ్ళీ అతుక్కుంటూ పోయిందన్నమాట. ఈ చిన్న సంగతే ఒక పెద్ద కారును గడగడ వణికించగలదు. అదెలాగో ఈ నెల తెలుసుకుందాం.

1985 ప్రాంతంలో, నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, మా వీధిలో ఒకాయన పాత అంబాసిడర్ కారును టాక్సీగా నడిపేవాడు. మేమంతా ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళం. అంబాసిడర్ కారు మీలో చాలామంది చూసి ఉండరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాపై మన దేశంలో తయారైన బండి అది. 2014లో దాని తయారీ ఆగిపోయింది.

బాబాయ్ పెళ్ళిళ్ళ కిరాయికి వెళ్ళేటప్పుడు నరసాపురం రేవులో కారును పంటు మీదికి ఎక్కించి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్ళేవాడు. గట్టు దిగి, పలకల మీదుగా పంటు ఎక్కేటప్పుడు బండి నత్తలా కదలాలి. సరిగ్గా అక్కడే ఆయన కారు వణకడం మొదలుపెట్టింది. క్లచ్చు పెడలు మీంచి కాలు మెల్లగా తీస్తుంటే బండి మొత్తం దడదడమని అదిరి, ఒక్కసారిగా ముందుకు గెంతేది. ఎదురుగా నీళ్ళు, చుట్టూ జనం. “ఎప్పుడో గోదాట్లో పడతామురా అబ్బాయ్!” అనేవాడాయన నవ్వుతూనే. కాని ఆ నవ్వులో భయం ఉండేది. ఒక మెకానిక్కు షెడ్డులో క్లచ్చు ప్లేటు మార్పించాడు. నెల తిరగకుండా వణుకు మళ్ళీ వచ్చింది. ఇంకోసారి మార్పించాడు. మళ్ళీ అంతే! రెండుసార్ల సంపాదనా దానికే పోయింది.

ఆ జబ్బు ఎక్కడుందో చివరికి ఎలా దొరికిందో చెప్పే ముందు, క్లచ్చు చేసే పని చూద్దాం.

క్లచ్చు ఏం చేస్తుంది?

ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు ఆగి ఉంటాయి. తిరిగేదాన్ని, ఆగినదాన్ని ఒక్కసారిగా కలిపితే ఇంజను ఆగిపోతుంది, లేదా బండి గెంతుతుంది. రెండింటినీ మెల్లగా కలపడమే క్లచ్చు పని. ఒక అట్టముక్కను రెండు అరచేతుల మధ్య పెట్టుకోండి. చేతులు వదులుగా ఉంటే అట్ట జారుతుంది. గట్టిగా నొక్కితే కదలదు. కారులో ఆ అట్టముక్కే క్లచ్చు ప్లేటు. దానికి ఒకవైపు ఇంజనుతోపాటు తిరిగే బరువైన ఫ్లైవీల్, రెండోవైపు స్ప్రింగుల బలంతో నొక్కే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. పెడలు తొక్కితే పట్టు వదులవుతుంది. కాలు తీస్తుంటే పట్టు బిగుస్తుంది. ఈ మధ్యలో రెండు మూడు సెకండ్ల పాటు ప్లేటు జారుతూ కలుస్తుంది.

ఈ కాస్త సేపట్లో పుట్టే వేడి ఎంతో లెక్క వేద్దామా? మనుషులతో కలిపి కారు 1500 కిలోలు అనుకుందాం. గంటకు 10 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు సుమారు 2.8 మీటర్లు, అందుకుందనుకుందాం. దాని గతిజశక్తి ½ × 1500 × 2.8 × 2.8. అంటే సుమారు 5,900 జౌళ్ళు. ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే, దాదాపు ఇంతే శక్తి క్లచ్చులో వేడిగా మారుతుంది! ఎత్తు ఎక్కాలంటే ఇంకా ఎక్కువ. అందుకే క్లచ్చు పెడలు మీద ఎప్పుడూ కాలు పెట్టి నడిపేవారి ప్లేటు త్వరగా మాడిపోతుంది.

మీరే చేసి చూడండి

ఒక ఇటుక, కొంచెం తాడు, పాత సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీ తీసుకోండి. ఇటుకకు తాడు కట్టి, సిమెంటు నేల మీద మెల్లగా లాగండి. దాదాపు సాఫీగా వస్తుంది. ఇప్పుడు తాడుకు బదులు రబ్బరు పట్టీ కట్టి, అంతే మెల్లగా లాగండి. ఇటుక ముందు కదలదు. రబ్బరు సాగుతుంది. ఆ తరువాత ఇటుక టక్కున గెంతి ఆగుతుంది. మళ్ళీ రబ్బరు సాగుతుంది, మళ్ళీ గెంతు!

ఎందుకిలా? ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి ఎక్కువ బలం కావాలి. దాన్నే స్థైతిక ఘర్షణ అంటారు. ఒకసారి కదిలాక జారుడు ఘర్షణ దానికన్నా తక్కువ. క్లాసులో బరువైన బెంచీ నెట్టిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. రబ్బరులో దాచుకున్న శక్తి, ఇటుక కదలగానే, తగ్గిన ఘర్షణను మించిపోయి దాన్ని గెంతిస్తుంది. ఫిడేలు తీగను కమాను లాగేదీ ఇలాగే. తీగ కమానుకు అతుక్కుని సాగుతుంది, జారి వెనక్కి వస్తుంది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సర్ సి. వి. రామన్ 1918లో ఈ తీగల కంపనాల గురించే ఒక గొప్ప గ్రంథం ప్రకటించాడు.

ఈ ప్రయోగంలో ముఖ్యమైన పాఠం ఒకటుంది. వణుకు పుట్టాలంటే రెండు కావాలి. ఒకటి, అతుక్కుంటూ జారే తలం. రెండు, సాగి వెనక్కి లాగే స్ప్రింగు లాంటిది. నేల మారలేదు, ఇటుక మారలేదు. తాడు స్థానంలో రబ్బరు వచ్చింది, వణుకు వచ్చింది! కాబట్టి కారు వణికితే క్లచ్చు ప్లేటును ఒక్కదాన్నే అనుమానించకూడదు. ఇంజనును, గేరుబాక్సును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులను కూడా చూడాలి. అవి చిరిగి వదులైతే ఇంజను మొత్తం ఊగుతుంది. కడ్డీలతో పనిచేసే క్లచ్చయితే, ఇంజను ఊగినప్పుడల్లా పట్టు కూడా బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. ఊపు ఊపును పెంచుతుంది.

జబ్బును ఎలా కనిపెట్టాలి?

మంచి డాక్టరు ముందు కత్తి పట్టడు, ప్రశ్నలు అడుగుతాడు. మంచి మెకానిక్కూ అంతే. గేరుబాక్సు దించడం పెద్ద పని, పెద్ద ఖర్చు. దించకుండా తెలిసేవన్నీ ముందు తెలుసుకోవాలి.

మొదటి ప్రశ్న: వణుకు ఎప్పుడు? బండి కదిలేటప్పుడు, సగం క్లచ్చులో మాత్రమే వస్తే అనుమానం క్లచ్చు మీద, మౌంటింగుల మీద. వేగంగా పోతున్నప్పుడు వస్తే చక్రాలనో, ప్రొపెల్లర్ షాఫ్టునో చూడాలి. ఆగి ఉన్నప్పుడే ఇంజను వణికితే ప్లగ్గులు చూడాలి.

రెండో ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? మన గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో బండి కొన్నాళ్ళు కదలకుండా ఉంటే ఫ్లైవీల్ మీద పల్చగా తుప్పు పడుతుంది. పొద్దున రెండు మూడుసార్లు వణికి తరువాత మానేస్తే దిగులు లేదు. వేడెక్కేకొద్దీ పెరిగితే ప్లేటు మాడి నున్నబడిందేమో, ఫ్లైవీల్ వేడికి వంకర పోయిందేమో అనుకోవాలి.

మూడో ప్రశ్న: నూనె కారుతోందా? ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే గుల్ల అడుగున నూనె చుక్కలు కనిపిస్తే, ఆయిల్ సీలు పోయి నూనె ప్లేటు మీద పడుతోందేమో చూడాలి. నూనె ఒక చోట పడి ఇంకో చోట పడకపోతే, పట్టు ఒక చోట జారుతుంది, ఇంకో చోట పీకుతుంది. సీలు బాగుచేయకుండా కొత్త ప్లేటు వేస్తే, అదీ నూనె తాగుతుంది.

నాలుగో ప్రశ్న: మౌంటింగులు ఎలా ఉన్నాయి? రబ్బరు పగిలిందా, ఉబ్బిందా, ఇనుము నుంచి ఊడిందా?

ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే గేరుబాక్సు దించాలి. ఇవన్నీ మెకానిక్కు పక్కన నిలబడి చూడవలసినవి. మీరు జాకీ మీద ఉన్న బండి కిందికి వెళ్ళకండి. ఇంజను తిరుగుతున్న బండికి ఎదురుగా నిలబడకండి.

బాబాయ్ కారు ఏమైంది?

మూడోసారి ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు బాబాయ్. నేనూ వెంట వెళ్ళాను. ఆయన పానా పట్టుకోలేదు. ముందు పై ప్రశ్నలే అడిగాడు. తరువాత టార్చి వేసి బండి కింద చూశాడు. ఇంజను వెనుక నుంచి కారిన నూనె గేరుబాక్సు మౌంటింగు మీద పడి, రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఇనుము నుంచి ఊడిపోయింది. మామూలు రబ్బరుకు ఇంజను నూనె శత్రువు. ఆ నూనే ప్లేటునూ తడుపుతోంది. అంటే అతుక్కుంటూ జారే తలం, సాగే రబ్బరు రెండూ ఒకే కారణంతో తయారయ్యాయి! నూనె కారడం ఆపి, మౌంటింగు మార్చి, నూనె తాగిన ప్లేటు తీసి కొత్తది వేశారు. ఆ తరువాత బాబాయ్ కారు పంటు ఎక్కుతుంటే సీట్లో పెళ్ళికొడుకు నిద్రపోయాడని ఆయనే చెప్పుకున్నాడు.

ఆ రోజు షెడ్డులో జరిగిన ఒక పని మాత్రం మీరెవరూ చేయకూడదు. పాత ప్లేటు మీది దుమ్మును కుర్రాడు నోటితో ఊదాడు. ఆ కాలపు క్లచ్చు ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ళ తరువాత కేన్సరు రావచ్చని ఇప్పుడు మనకు తెలుసు. పాత బండి విప్పితే దుమ్మును ఊదకూడదు, గాలి కొట్టకూడదు. తడిపి, తడిగుడ్డతో తీయాలి. మీ ఊరి షెడ్డులో పనిచేసే అన్నలకు ఈ మాట తప్పక చెప్పండి.

ఆలోచించండి

1. రబ్బరు పట్టీతో ఇటుకను మెల్లగా కాక వేగంగా లాగితే గెంతులు ఏమవుతాయి? చేసి చూడండి.

2. నేల మీద సబ్బునీళ్ళు పోసి లాగితే? సగం నేల తడిపి, సగం పొడిగా ఉంచి లాగితే?

3. తలుపు మెల్లగా తీస్తే కిర్రుమంటుంది, బందుకు నూనె వేస్తే మానేస్తుంది. మరి అదే నూనె క్లచ్చులో పడితే ఎందుకు వణుకు తెస్తుంది?