గల్ఫ్ నుంచి అన్నను ఇంటికి తేవాలంటే ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మా అన్న దుబాయ్‌లో పనిచేస్తూ గుండెపోటుతో చనిపోయాడు. మూడు లక్షలిస్తే శవాన్ని వేల్పూర్‌కు చేరుస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకమ్మా. ముందు మీ అన్న పనిచేసిన కంపెనీకి ఫోన్ చేయించు. కుటుంబం కోరితే శవాన్ని సిద్ధం చేసి స్వదేశానికి పంపే ఖర్చు యజమానే భరించాలని అక్కడి 2021 కార్మిక చట్టం చెబుతోంది. యజమాని చేతులెత్తేస్తే, బీమా కూడా లేకపోతే, దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కు దరఖాస్తు పెట్టు. ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఇలాంటి వాళ్ల కోసమే ఉంది.

ఎవరి సాయమైనా తీసుకునే ముందు ఏ పనికి ఎంతో కాగితం మీద రాసివ్వమని అడుగు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, కాన్సులేట్ అనుమతి, రద్దు చేసిన పాస్‌పోర్టు, కార్గో ఛార్జీ దేనికదే రాయాలి. రశీదులు చూపే మనిషి రాసివ్వడానికి వెనుకాడడు. "అంతా నేను చూసుకుంటా, ముందు పైసలు పంపు" అనేవాణ్ని అక్కడే ఆపెయ్. దుఃఖంలో ఉన్న ఇంటిని తొందరపెట్టడమే నాకు అన్నిటికంటే పెద్ద అనుమానం కలిగిస్తుంది. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం అసలే పెట్టకు.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఊరికి అంబులెన్సు కోసం తెలంగాణ రాష్ట్ర ఎన్నారై విభాగాన్ని ముందే అడగండి. ఇంట్లో ఫ్రీజర్ బాక్సు కావాలంటే రోజు కిరాయి మాట్లాడుకున్నాకే తెప్పించుకోండి.

కాగితాల అసలు ప్రతులు ఎవరికీ వదలొద్దు. రాష్ట్రం ఇచ్చే 5 లక్షల సాయానికి వదినకు అవే ఆధారం. ప్రవాసీ భారతీయ బీమా ఇచ్చే 10 లక్షలు మాత్రం ప్రమాదంలో చనిపోతేనే వస్తాయి, గుండెపోటుకు రావు.