పాణం ఎట్లున్నది? ఆరోగ్యం అంటే ఏమిటో ఇంట్లో కొలుద్దాం



జ్వరాన్ని థర్మామీటర్‌తో కొలుస్తాం, బరువును కాటాతో తూస్తాం. మరి "ఆరోగ్యం" అనే మాటకు ఎవరు ఏ అర్థం చెప్పుకుంటున్నారో ఎలా కొలవాలి? దానికి ఒకటే సాధనం, మంచి ప్రశ్న. ఈ నెల మీ పిల్లలతో కలిసి చేయవలసిన పాఠం ఇదే.

మాటలోనే తేడా ఉంది

"ఆరోగ్యం" అంటే అక్షరాలా రోగం లేకపోవడం. ఇంగ్లిష్‌లో "హెల్త్", "హోల్" రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. హోల్ అంటే లోటు లేని నిండుతనం. మన ధర్మపురిలో పెద్దవాళ్లు "పాణం మంచిగున్నదా?" అని అడుగుతారు. అందులో ఒళ్లూ ఉంది, మనసూ ఉంది. 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి కూడా శరీరం, మనసు, నలుగురితో జీవనం మూడూ బాగుంటేనే ఆరోగ్యం అంటుంది.

పరిశోధకులు ఎలా కొలిచారు?

1984-85లో బ్రిటన్‌లో సుమారు 9,000 మందిని ఒక సర్వేలో ఇలా అడిగారు: మీకు తెలిసినవారిలో మంచి ఆరోగ్యవంతులు ఎవరు? వారిని అలా ఎందుకు అంటున్నారు? మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? మిల్డ్రెడ్ బ్లాక్స్టర్ ఆ జవాబులను రకాలుగా విడదీశారు. యువకులు ఎక్కువగా ఒంటి బలం గురించి చెప్పారు. వయసు పైబడినవారు తమ పని తాము చేసుకోగలగడం గురించి చెప్పారు.

ఇంకో పద్ధతిలో "మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్నే అడుగుతారు. ఇది చిన్న ప్రశ్నే అయినా, తమ ఆరోగ్యం బాగాలేదన్నవారికి తర్వాతి ఏళ్లలో మరణ ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. 1997లో 27 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష కూడా ఇదే చెప్పింది.

ఒక జాగ్రత్త

జవాబు ఎప్పుడూ అసలు పరిస్థితిని చూపదు. 2002లో అమర్త్య సేన్ ఈ సంగతి రాశారు. కేరళలో ఆయుర్దాయం ఎక్కువ, అయినా జబ్బు ఉందని చెప్పేవారూ అక్కడే ఎక్కువ. బిహార్‌లో ఆయుర్దాయం తక్కువ, జబ్బు ఉందని చెప్పేవారూ తక్కువ. చదువు, వైద్యం అందినచోట మనిషి తన బాధను గుర్తుపడతాడు. అందనిచోట దాన్ని మామూలే అనుకుంటాడు.

మన దగ్గరా అంతే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 100కి సుమారు 58 మందికి రక్తహీనత ఉంది. వారిలో ఎంతమంది తమకు జబ్బు ఉందని చెబుతారు? బీడీలు చుట్టే తల్లి "చేతనైతున్నది, మంచిగనే ఉన్న" అంటుంది. గల్ఫ్‌కు పోయే తండ్రికి మెడికల్‌లో "ఫిట్" అని వస్తే చాలు. ఇద్దరికీ ఆరోగ్యం అంటే పని చేయగలగడమే. పిల్లలు నేర్చుకునేదీ అదే.

ఈ ఆదివారం ఇలా చేయండి

1. ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడగమని పిల్లలకు చెప్పండి. అందరి ముందు అమ్మ, నానమ్మ నిజం చెప్పకపోవచ్చు. నాన్న గల్ఫ్‌లో ఉంటే ఫోన్‌లో అడగవచ్చు.
2. ప్రశ్నలు మూడు: పాణం మంచిగుంటే నీకు ఎట్లుంటది? మంచిగ లేదని ఎట్ల తెలుస్తది? నీకు తెలిసినవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నది ఎవరు, ఎందుకు?
3. చెప్పిన మాటలు చెప్పినట్టే రాయాలి. సరిదిద్దవద్దు.
4. జవాబులను నాలుగు గడుల్లో వేయండి: రోగం లేదు, పని చేయగలుగుతున్నా, బలంగా హుషారుగా ఉన్నా, మనసు నిమ్మళంగా ఉంది.

పేర్లు లేకుండా పంపితే తరగతిలో వాటితో బార్ గ్రాఫ్ గీస్తాం. పిల్లలకు లెక్కలూ వస్తాయి, ఇంటివాళ్ల మాట వినడమూ వస్తుంది.

ఎవరైనా "నీరసం రోజూ ఉండేదేగా" అంటే ఆ మాటను గ్రాఫ్‌తో ముగించకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భిణులు కాని పెద్ద స్త్రీలలో 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క.