పశుగ్రాసంపై నల్ల పేనుబంక - గుర్తించే విధానం

పాతబస్తీలో గేదెలను పోషించే సభ్యులలో సొంత పొలం ఉన్నవారు అరుదు. మూసీ ఒడ్డున మురుగునీటి పారుదలతో పెరిగే పారాగడ్డి, బయటి గ్రామాల నుండి వచ్చే అలసంద, జొన్న మోపులే వారికి ఆధారం. అలసంద మోపు విప్పినప్పుడు లేత కాడల నిండా నల్లని పురుగులు, చేతికి జిగట తగలడం చాలామందికి అనుభవమే. వెంటనే మేత అమ్మిన రైతుకు మందు కొట్టమని చెప్పడం కద్దు. అంతకు ముందు అది ఏ పేనుబంకో తెలుసుకోవాలి.

అలసందపై కనిపించే దాని శాస్త్రీయ నామం ఏఫిస్ క్రాక్సివోరా. 1854లో కోచ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. పెరిగిన పురుగు సుమారు 2 మి.మీ. మాత్రమే ఉంటుంది. వీపు నూనె రాసినట్లు నల్లగా మెరుస్తుంది. పిల్లపురుగులు మాత్రం బూడిద చల్లినట్లు మసకగా ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే కాళ్ళు తెల్లగా, వాటి కొనలు నల్లగా, పొట్ట వెనుక రెండు నల్లని గొట్టాలు కనిపిస్తాయి. ఆ గొట్టాల మధ్యనున్న తోక కూడా నలుపే. ఈ తోకను తప్పక చూడాలి. పత్తి, బెండ, వంగపై ఉండే ఏఫిస్ గాసిపై ఒక్కొక్కప్పుడు నలుపుకు దగ్గరగా కనిపించినా దానికి మెరుపు ఉండదు, తోక గొట్టాలకన్నా లేత రంగులో ఉంటుంది.

నల్ల పేనుబంకకు ఇష్టమైనవి పప్పుజాతి మొక్కలు: అలసంద, వేరుశనగ, చిక్కుడు, మినుము, పెసర, లూసర్న్. గట్ల మీద, రోడ్ల పక్కన పెంచే గ్లైరిసిడియా కొమ్మలపైనా గుంపులుగా చేరుతుంది. కనుక పెరట్లోని చిక్కుడు పాదుపైన, మేత మోపుపైన ఉన్నది ఒకే పురుగు కావచ్చు. జొన్నపై ఉన్నది మాత్రం వేరు. సుడిలో దాగిన నీలిపచ్చ పురుగు రోపలోసైఫమ్ మెయిడిస్; ఆకు అడుగున లేత పసుపు రంగులో ఉండేది మెలనాఫిస్ సక్కరై. జొన్నపై వీటిని చూసి పక్క మడిలోని అలసందకు మందు కొట్టడం డబ్బు దండగ.

ఆడ పురుగులు మగవాటితో పనిలేకుండానే పిల్లలను కంటాయి. ఆ పిల్లలు వారం, పది రోజుల్లో తల్లులవుతాయి. మొక్క వాడినా, గుంపు పెరిగినా రెక్కల పురుగులు పుట్టి ఎగిరిపోతాయి. వాటి జిగట కోసం చీమలు కాపలా కాస్తాయి. అక్షింతల పురుగులు వీటిని తిని మనకు మేలు చేస్తాయి. మందు చల్లితే ముందు చచ్చేవి అవే.

మేతపై చల్లిన మందు అవశేషాలు పాలలోకి చేరవచ్చు. డి.డి.టి. కొవ్వులో నిలిచి వెన్నతోపాటు బయటికి వచ్చేది. వ్యవసాయంలో దాని వాడకాన్ని 1989లో, బి.హెచ్.సి.ని 1997లో మన దేశంలో నిషేధించారు. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక మనకు ఈ జాగ్రత్త మరీ అవసరం. మేత అలసందకు కాయతో పనిలేదు. పురుగు ముదరకముందే కోసి, నీటితో కడిగి మేపడమే మేలు. మందు చల్లారో లేదో, చల్లితే ఏది, ఎన్నడు చల్లారో అడిగి తెలుసుకోనిదే మోపు కొనరాదు.

గుర్తించడం కష్టమైతే పురుగులున్న రెమ్మను తుంచి, 70 శాతం ఆల్కహాలు ఉన్న చిన్న సీసాలో వేయండి. మొక్క పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీ లోపలే ఉంచి, రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాలలోని కీటకశాస్త్రజ్ఞులకు చూపించండి. మొక్క పేరు లేకుండా పంపితే వారికి పని రెట్టింపవుతుంది.