లాభం ఎంత?

చదవండి

కళ్ళంలో ధాన్యం కొలవడం మీరు చూసే ఉంటారు. చాలా ఊళ్ళలో మొదటి కుంచం పోసేటప్పుడు ‘ఒకటి’ అనేవారు కాదు. ‘లాభం’ అనేవారు. తర్వాత ‘రెండు, మూడు’ అని లెక్క పెట్టేవారు. మంచి మాటతో మొదలుపెడితే మంచి జరుగుతుందని పెద్దల నమ్మకం. కొట్లలో గోడల మీద ‘శుభం, లాభం’ అని రాసుకునేది కూడా అందుకే.

ఈ మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాం.

“ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?” ఇక్కడ లాభం అంటే ఉపయోగం.

“వాళ్ళను అడిగి లాభం లేదు.” ఇక్కడా అదే అర్థం.

“గొర్రెల పెంపకం లాభసాటి పని.” అంటే నాలుగు డబ్బులు మిగిలే పని.

తెలంగాణలో లాభాన్ని ‘ఫాయిదా’ అని కూడా అంటారు. లాభానికి ఎదురు మాట నష్టం.

వ్యాపారంలో లాభం అంటే మిగులు. వచ్చిన డబ్బులోంచి పెట్టిన ఖర్చంతా తీసెయ్యాలి. మిగిలిందే లాభం. వచ్చిన డబ్బు మొత్తాన్ని ‘రాబడి’ అంటారు. రాబడి వేరు, లాభం వేరు. ఈ తేడా తెలియకపోతే కష్టపడే మనిషి మోసపోతుంది.

లెక్క చూడండి

ఒక అక్క కూరగాయలు అమ్ముతుంది. పొద్దున్నే 900 రూపాయలు అప్పు తెచ్చింది. సాయంత్రం 1000 రూపాయలు తిరిగి కట్టాలి. ఆ 900 పెట్టి కూరగాయలు కొన్నది. అన్నీ అమ్మితే 1200 వచ్చాయి.

“900 పెట్టాను. 1200 వచ్చాయి. 300 లాభం” అనుకుంది అక్క. మరి ఇంటికి వెళ్ళేసరికి చేతిలో 300 లేవు! ఎందుకని?

రాబడి: 1200 రూపాయలు

ఖర్చులు:
కూరగాయలకు – 900
ఆటోకు – 60
సంతలో ఆశీలుకు – 20
అప్పు మీద వడ్డీ – 100
మొత్తం ఖర్చు – 1080

లాభం: 1200 – 1080 = 120 రూపాయలు

చూశారా! 300 కాదు, 120 మాత్రమే. ఆటో, ఆశీలు, వడ్డీ ఆమె లెక్కలోకి రాలేదు. అప్పిచ్చినవాడు ఎండలో కూర్చోలేదు, గంప మోయలేదు. అయినా వాడికి 100 దక్కింది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చున్న అక్కకు మిగిలింది 120.

అసలు కన్నా వడ్డీ ముద్దు అంటారు. ఆ ముద్దు అప్పిచ్చినవాడికే!

ఆ 120 కూడా అంతా లాభం కాదు. ఆమె కూలి అందులోనే ఉంది. అదే రోజు ఆమె కూలికి పోతే ఎంత వచ్చేది? అది కూడా లెక్క కట్టాలి. మన కష్టానికి మనం ఖరీదు కట్టం. “మన పనే కదా” అని ఊరుకుంటాం. అక్కడే లెక్క తప్పుతుంది.

దారి ఏమిటి?

అక్క రోజుకు 20 రూపాయలు పక్కన పెట్టిందనుకోండి. 45 రోజులకు 900 అవుతుంది. అప్పుడు పెట్టుబడి తనదే. పొద్దున్నే అప్పుకు పోనక్కర లేదు. వడ్డీ 100 ఆమె దగ్గరే ఉంటుంది. మిగిలేది 120 కాదు, 220.

రోజూ 20 పక్కన పెట్టడం కష్టమే. ఒంటరిగా అయితే ఇంకా కష్టం. పదిమంది కలిసి పొదుపు చేస్తే ఒకరికొకరు తోడు. సంఘంలో తీసుకున్న అప్పుకు కూడా వడ్డీ ఉంటుంది. అది నెలకు నూటికి ఎంతో ముందే అడగాలి. పైన చెప్పిన అప్పుకు ఒక్క రోజుకే నూటికి 11 రూపాయల పైన పడింది!

కొలతలో ‘లాభం’ అనే మాట మొదట వచ్చేది. వ్యాపారంలో అసలు లాభం చివర తేలుతుంది. అన్ని ఖర్చులూ రాసుకున్నాకే తేలుతుంది. రాయడం మీకు వచ్చు. ఇక రాసుకోండి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో రోజు వడ్డీకి అప్పు ఇచ్చేవాళ్ళు ఉన్నారా? ఎంత తీసుకుంటున్నారు?
2. మీరు చేసే పనిలో లెక్కకు రాని ఖర్చులు ఏమున్నాయి?

లెక్క చెయ్యండి

ఒక గేదె పాల మీద 10 రోజులకు 3500 రూపాయలు వచ్చాయి. తవుడుకు, చెక్కకు 1600, ఎండుగడ్డికి 700, మందులకు 200 ఖర్చయింది. లాభం ఎంత? పచ్చగడ్డి కోసుకొచ్చిన మనిషి కూలి ఇందులో కట్టారా?

ఈ మాటలతో వాక్యాలు రాయండి

లాభం, నష్టం, రాబడి, ఖర్చు, పెట్టుబడి, వడ్డీ, పొదుపు