చిట్టా చెప్పిన సాక్ష్యము : లినక్స్ యంత్ర నిర్వహణలో దోషపరిహారము

షావుకారు అంగడిలో రెండు పుస్తకములుండుట మనమెరుగుదుము. ఏనాటి లావాదేవీలను ఆనాడే జరిగినవి జరిగినట్లు వ్రాసుకొనునది చిట్టా. వాటిని పద్దుల వారీగా ఏర్చి కూర్చినది ఆవర్జా. లెక్క తేలనపుడు గుమాస్తా ఆవర్జాను మూసి చిట్టాను తెరచును. చిట్టా వంటిదానినే ఉర్దూలో రోజ్‌నామ్చా అందురు. రోజ్ అనగా దినము, నామా అనగా వ్రాత, ‘చా’ అనునది చిన్నదను అర్థమిచ్చు పారసీక ప్రత్యయము.

కంప్యూటరు ప్రపంచమున ఈ పుస్తకమునకు లాగ్ అని పేరు. ఆ మాట ఓడల నుండి వచ్చినది. వెనుకటి నావికులు త్రాటికి కట్టిన కొయ్యను నీటిలో విడిచి ఓడ వేగమును కొలిచి, ఆ కొలతను ఒక పుస్తకమున వ్రాసెడివారు. కొయ్య పోయినది, పేరు మాత్రము పుస్తకమునకు నిలిచినది.

తెలుగు బోధించువారికి ఈ ప్రసంగమేల అని కొందరడుగవచ్చును. మా గ్రంథాలయమున జరిగిన ఒక నష్టము దీనికి కారణము. అందు మా పాలును కలదు.

గ్రంథాలయమందలి ఉర్దూ, తెలుగు పుస్తకముల పట్టికను మన విద్యార్థులు సెలవు దినములలో సైతము వచ్చి కంప్యూటరునకెక్కించిరి. ఆ యంత్రము లినక్స్‌పై నడచును. ప్రతి రాత్రి రెండు గంటలకు పట్టికకు ఒక నకలు తీసి రెండవ డిస్కుపై ఉంచుటకై నాలుగు పంక్తుల చిన్న ప్రోగ్రాము ఏర్పాటు చేయబడినది. వ్రాసినది ఒక పూర్వ విద్యార్థి. చదివి సరియేనన్నది మేము. దాని చివరి పంక్తి “నకలు పూర్తియైనది” అని చిట్టాలో వ్రాయును. ఉదయమున వచ్చి, ఆ మాటను చూచి, తృప్తితో మూసెడివారము.

ఒక వేసవిలో మొదటి డిస్కు చెడినది. రెండవదానిని తెరచి చూడగా చివరి నకలు ఐదు మాసముల నాటిది! ఆ డిస్కు ఆనాడే నిండిపోయినది. నాటినుండి నకలు తీయు ఆజ్ఞ ప్రతి రాత్రియు విఫలమగుచునే యున్నది. తన వైఫల్యమును చెప్పుచునే యున్నది. కాని ఆ పంక్తి చివర, దోషసందేశములను ‘నల్’ అను పేరుగల శూన్యములోనికి మళ్లించు గుర్తు కలదు. అందు పడినది మరల రాదు. ఆ తరువాతి పంక్తి, ముందు జరిగినదేమో విచారింపకయే, “పూర్తియైనది” అని వ్రాసినది. ఐదు మాసములు మా చిట్టా అబద్ధమాడినది.

పుస్తకముల పేర్లను చేతివ్రాత రిజిస్టరు నుండి మరల ఎక్కించితిమి. అయితే ఆ ఐదు మాసములలో ఊరి పెద్దల ఇండ్ల నుండి విరాళముగా వచ్చిన ఉర్దూ పుస్తకముల దాతల పేర్లు కంప్యూటరులో తప్ప మరెచ్చటను వ్రాయబడలేదు. పుస్తకములు బీరువాలో ఉన్నవి. ఇచ్చినవారి పేర్లు లేవు.

నాటినుండి ఈ విషయమును కొంత శ్రద్ధతో చదివితిమి. యంత్రదోషమునకు బగ్గు, అనగా పురుగు, అను పేరు ఎడిసన్ కాలము నుండియే ఇంజనీరుల వాడుకలో కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు మార్క్ 2 యంత్రమున ఒక రిలేలో చిక్కిన రెక్కల పురుగును అచటివారు తీసి, నాటి చిట్టాపుటకు అంటించి, వేళను కూడ వేసిరి. ఆ పుట అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియమున భద్రపరచబడి యున్నది. అందరు పురుగును చెప్పుకొందురు గాని, మాకు నచ్చినది దాని ప్రక్కనున్న గంట నిమిషములు.

లినక్స్ 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించినది. అది పాటించిన చిట్టా పద్ధతి అంతకంటె పాతది. 1980 దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ అను ఉత్తరముల ప్రోగ్రాము కొరకు సిస్‌లాగ్ అను పద్ధతిని నిర్మించెను. అది ప్రతి సందేశమునకు సున్న మొదలు ఏడు వరకు ఎనిమిది అంతస్తులను నిర్ణయించినది. సున్న అనగా యంత్రము ఇక పనికిరాదని. మూడు దోషము, నాలుగు హెచ్చరిక, ఏడు దోషాన్వేషకునికి మాత్రమే పనికివచ్చు సూక్ష్మ వివరము. ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతిదానిని ప్రమాదమని వ్రాసినచో ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాని గతి పట్టును. నిజముగా పులి వచ్చిన నాడు పలుకువారుండరు.

ఆ పాత పద్ధతిలో ఒక చిత్రమైన లోపము కలదు. సందేశపు తలపై నెల, తేదీ, గంట, నిమిషము, సెకను ఉండును గాని సంవత్సరముండదు! మన శాసనకర్తలు శకవర్షమును, తిథివారములను విడువక చెక్కించిరి. అవి లేని శాసనమునకు కాలనిర్ణయము చేయుటలో పండితులు పడు శ్రమ మన ఎం.ఏ. విద్యార్థులకు తెలిసినదే. 2009లో వెలువడిన కొత్త ప్రమాణమున సంవత్సరము, కాలమండలము రెండును చేర్చబడినవి.

మరియొక లోపము ఇంతకంటె లోతైనది. పాత పద్ధతిలో సందేశమును పంపు ప్రోగ్రాము తన పేరును తానే చెప్పుకొనును. ఒక ప్రోగ్రాము మరియొకదాని పేరు పెట్టుకొని వ్రాసినను చిట్టా నమ్మును. లెన్నర్ట్ పోయెటరింగ్, కే సీవర్స్ అనువారు 2010లో ప్రారంభించిన సిస్టమ్‌డి అను నిర్వాహక సాఫ్ట్‌వేర్ దీనికి పరిహారము చూపినది. యంత్రము మేల్కొనగానే మొదట లేచి, తక్కిన సేవలను వరుసగా లేపి, పడినవానిని మరల నిలుపుట సిస్టమ్‌డి పని. 2011లో దానికి జర్నల్ అను కొత్త చిట్టా తోడైనది. ఇందు సందేశపు మాటలు పంపినవానివే. కాని ఎవడు పంపెను, ఎవని అధికారముతో నడచుచుండెను, ఏ సేవకు చెందినవాడు అను వివరములను జర్నల్ తానే కెర్నెల్‌ను అడిగి తెలిసికొని చేర్చును. అట్టి నమ్మదగిన అంశముల పేర్లు అడుగుగీతతో మొదలగును. పంపినవాడు వాటిని కల్పింపజాలడు.

హదీసును చదివినవారికి ఇది వెంటనే స్ఫురించును. అచట మతను అనగా పాఠము, సనదు అనగా ఆ పాఠమును ఎవరి నుండి ఎవరు వినిరో తెలుపు వరుస. పాఠమెంత చక్కనిదైనను వరుసలో ఒకరు నమ్మదగనివారైనచో విద్వాంసులు దానిని బలహీనమనిరి. కథకుల నడవడిని పరిశీలించుటకే ఇల్మె రిజాల్ అను శాస్త్రము పుట్టినది. పవిత్ర విషయమును యంత్రముతో సరిపోల్చుట మా ఉద్దేశము కాదు. సాక్ష్యమును తూచు పద్ధతి ఒక్కటేనని మాత్రము చెప్పుచున్నాము.

చిట్టాలో వ్రాసినంతమాత్రమున దోషము తీరునా? దీనికి 2017 నాటి ఒక వివాదము చక్కని ఉదాహరణము. సిస్టమ్‌డిలో ప్రతి సేవకు ఒక వివరపత్రముండును. ఆ సేవ ఎవరి అధికారముతో నడవవలెనో అందు పేరు వ్రాయవచ్చును. ఏ పేరును వ్రాయనిచో అది ‘రూట్’ అను సర్వాధికారి హోదాలో నడచును. ఒక పత్రమున సున్న అంకెతో మొదలగు పేరు వ్రాయబడినది. అంకెతో మొదలగు పేరు చెల్లదని సిస్టమ్‌డి ఎంచి, ఆ సంగతిని చిట్టాలో ఒక్క పంక్తి వ్రాసి, ఆ ఆజ్ఞను విడిచి ముందుకు సాగినది. ఫలితముగా, అల్పాధికారముతో నడవవలసిన సేవ సర్వాధికారముతో నడచినది!

చెల్లని పేరు వ్రాసినవానిదే తప్పు, ఇది బగ్గు కాదని నిర్మాతలు మొదట వాదించిరి. నిర్వాహకులు ఒప్పుకొనలేదు. ఆ దోషమునకు సీవీఈ-2017-1000082 అను సంఖ్య వచ్చినది. తరువాత, పేరు చెల్లనిచో సేవను ప్రారంభింపనే కూడదని మార్చిరి. మా అభిప్రాయమున నిర్వాహకుల పక్షమే న్యాయము. తాళము పట్టనపుడు కావలివాడు ఆ సంగతిని పుస్తకమున వ్రాసి తలుపు బార్లా తెరచి పోయినచో, వ్రాసితిని గదా అనుట సమాధానము కాదు. దోషము భద్రతకు సంబంధించినదైనపుడు ఆగుటయే ధర్మము.

చిట్టా వ్రాయువాడు కూడ దోషమునకు అతీతుడు కాడు. 2019 జనవరిలో క్వాలిస్ అను సంస్థ జర్నల్‌లోనే మూడు దోషములను బయటపెట్టినది. వాటిలో ఒకదాని తీరు ఇది: సందేశమును పంపిన ప్రోగ్రాము యొక్క ఆజ్ఞాపంక్తిని జర్నల్ తన జ్ఞాపకమున, పొడవుకు హద్దు చూడక, నకలు చేసికొనుచుండెను. మితిమీరిన పంక్తిని పంపి దానిని కూలద్రోయవచ్చును.

దోషమును పట్టుటలో మొదటి పని దానిని మరల రప్పించుట. రప్పింపలేని దోషమును సరిచేసితిమనుట ఊహయే. తరువాత చిట్టా అంతస్తును ఏడు వరకు పెంచి చూడవలెను. నిన్న నడచినది నేడు నడవనిచో, నడుమ జరిగిన మార్పులను సగము సగము చేసికొనుచు వెదకవలెను. టోర్వాల్డ్స్ 2005లో ప్రారంభించిన గిట్ అను సాధనమున ఇట్టి ఏర్పాటు కలదు. వెయ్యి మార్పులున్నను పదిమార్లు పరీక్షించిన చాలును.

ఇక సందేశమును వ్రాయుట. ఇది వ్యాకరణము చదివినవారికి తెలిసిన విద్యయే. “విఫలమైనది” అని ఊరకున్నచో క్రియ కలదు. కర్త లేదు, కర్మ లేదు, హేతువు లేదు. “పట్టిక నకలును రెండవ డిస్కుపై వ్రాయలేకపోతిని, చోటు లేదు, దోషసంఖ్య 28” అన్నచో నడిరాత్రి నిద్రలేచి వచ్చిన నిర్వాహకుడు చేయవలసినది తెలిసికొనును. లినక్స్‌లో 28 అనగా డిస్కుపై చోటు లేకపోవుట, 13 అనగా అనుమతి లేకపోవుట, 2 అనగా అడిగిన ఫైలు లేకపోవుట.

వ్రాయకూడనివియు కలవు. 2018 మేలో ట్విట్టర్ సంస్థ, ఒక బగ్గు వలన వినియోగదారుల సంకేతపదములు తమ అంతరంగిక చిట్టాలో మరుగు లేక వ్రాయబడినవని ఒప్పుకొని, అందరిని వాటిని మార్చుకొనుమని కోరినది. అతిగా వ్రాసినచో డిస్కును చిట్టాయే మ్రింగును. అందుకే జర్నల్, వేరుగా చెప్పనిచో, డిస్కు భాగమున నూటికి పది పాళ్లకు మించదు. అదియును 4 గిగాబైట్ల లోపే. ఒక సేవ ముప్పది సెకనులలో పదివేల సందేశములకు మించి పంపినచో తక్కినవానిని విడుచును. ఎన్ని విడిచెనో మాత్రము వ్రాసి ఉంచును. ఈ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది.

మా నాలుగు పంక్తులను మరల వ్రాయించితిమి. శూన్యములోనికి మళ్లించు గుర్తును తీసివేసితిమి. ఏ ఆజ్ఞయైనను విఫలమైన చోటనే ప్రోగ్రాము ఆగును. “పూర్తియైనది” అను మాటను చేరదు. ఆ మాట వ్రాయుటకు ముందు అసలును నకలును సరిపోల్చి చూచును. విఫలమైనచో సిస్టమ్‌డి మరియొక సేవను పిలిచి, గ్రంథాలయాధికారికి ఉత్తరము పంపును. నెలకొకసారి నకలు నుండి పట్టికను వేరొక యంత్రమున తిరిగి నిలిపి, పది పుస్తకముల పేర్లు వెదకి చూచుచున్నాము. మొదటిసారి వెదకినపుడు ఉర్దూ అక్షరములు కొన్ని ప్రశ్నార్థకములుగా కనబడినవి. అదియొక వేరు దోషము, దానినిపుడు సరిచేయుచున్నారు.

పట్టికలో దాత అను గడి ఆ పుస్తకముల కెదుట నేటికిని ఖాళీగానే ఉన్నది. ఆ వేసవికి ముందటి ఐదు మాసములలో గ్రంథాలయమునకు పుస్తకములిచ్చిన పెద్దలు గాని, వారి కుటుంబములవారు గాని పని దినములలో వచ్చి తమ పేర్లు తెలుపగోరుచున్నాము. ఈసారి రిజిస్టరులో సిరాతో కూడ వ్రాసికొందుము.