పిట్టగోడ ఎవరి బాధ్యత?

ధ్యాన పాఠము: ద్వితీయోపదేశకాండము 22:8



క్రొత్త ఇల్లు కట్టించువాడు దాని కప్పుచుట్టు పిట్టగోడ పెట్టవలెననియు, పెట్టనియెడల అక్కడనుండి పడినవాని ప్రాణమునకు ఆ ఇంటివారే ఉత్తరవాదులనియు ఈ వచనము బోధించుచున్నది. ఇక్కడ త్రోసినవాడెవడును లేడు, అయినను దోషమున్నది. చేయవలసినది చేయకుండుటయే ఆ దోషము.

ఇల్లయినచో యజమాని ఒకడే. పెద్ద కట్టడము వెనుక అనేకుల చేతులుండును. గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడవ బ్లాకు స్తంభములు క్రుంగెను. కాళేశ్వరము ప్రాజెక్టు ప్రారంభమై అప్పటికి నాలుగేండ్లే. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ఒక్కరి పనినే తప్పుపట్టలేదు. ప్రణాళిక, డిజైను, నాణ్యతా తనిఖీ, నిర్వహణ అన్నిటను లోపములున్నవనిరి. ఒకరు మరియొకరిని వ్రేలెత్తి చూపినంత మాత్రమున పునాది క్రింది ఇసుక నిలుచునా?

“అంతమంది ఉండగా నా ఒక్కనిదేమున్నది?” అను మాట మేము గ్రామములలో తరచు వినుచున్నాము. నలుగురు మోసిన బరువు నాలుగు పాళ్లగును. నలుగురు చేసిన తప్పు మాత్రము ఒక్కొక్కని మీద పూర్తిగానే నిలుచును.

1956 సెప్టెంబరులో మహబూబునగరు దగ్గర వంతెన కూలి రైలు పడిపోగా నూరుమందికి పైగా మరణించిరి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చెను. ప్రధాని నెహ్రూ అప్పుడు అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము తరువాత ఆయన మరల ఇచ్చి పదవి విడిచెను. ఆ వంతెనకు ఆయన ఒక్క రాయియు పేర్చలేదు గదా! అయినను, నాది కాదని అనలేదు.

మన నారాయణఖేడులో 2022 ఫిబ్రవరి 21న సింగూరు నీటిని ఎత్తిపోయు సంగమేశ్వర, బసవేశ్వర పథకములకు శంకుస్థాపన జరిగెను. అంతటి పనులు మన చేతిలో లేకపోవచ్చును. ఊరి మోరీ, బడి స్లాబు మన కన్నుల యెదుటనే ఉన్నవి. సిమెంటు తగ్గించు మేస్త్రి, చూడకయే కొలతల పుస్తకము నింపు ఇంజనీరు, అడుగకయే సంతకము చేయు పెద్దమనిషి, పగులు చూచియు ఊరకుండు మనము, అందరము ఆ పిట్టగోడ యెదుట నిలిచినవారమే.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. ఈ నెలలో మీరు చూచియు చెప్పని లోపమేది?
2. దానిని ఎవరికి, ఎప్పుడు, వ్రాతమూలముగా తెలుపుదురు?